మారితేనే మోగే గంట

బుజ్జమ్మా, నువ్వు లేవని రాయడానికి చెయ్యి రావడం లేదు తల్లీ.

పోయిన నెల నా కూతురు తిరుపతిలో, ఆఫీసు కుర్చీలోనే పోయింది. చిన్నప్పటినుంచీ చక్కెర జబ్బు. సూది వేసుకున్నాక తినాలి, లేకుంటే ఒంట్లో చక్కెర పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. పనిలో పడి తినలేదు. నేను పెద్దగా చదువుకోలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆమె కంప్యూటరు ప్రోగ్రాములు రాసేది. మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో చలిగది కోసం రాసినదాన్ని ఒక ఆదివారం ఇంట్లో నాకు చూపించింది. తెరమీద చలి ఎంతుందో చూపే అంకె మారగానే రంగు మారింది, గంట మోగింది.

"దానికి ఎవురు చెప్పినారే?" అన్నాను.

"అంకే చెప్తాదమ్మా. నేను మారినానని ఒక్క కేక పెడతాది. వింటామని ముందే చెప్పి పెట్టుకున్నోళ్ళకే అది వినపడతాది. సిగ్నల్ అంటాము."

"మీ నాయన మాదిరే. ఆయన కేకేస్తే ఇంట్లో నాకొక్కదానికే వినపడతాది."

నవ్వలేక కడుపు పట్టుకుంది.

మొదట్లో ఆ గంట ఊరికే మోగుతూనే ఉండేదట. పాత అంకెనే మళ్ళీ రాసినా కేక పెట్టేదట. అది సరిచేసి, "మారకుండా మారినానంటే అబద్ధం గదమ్మా" అంది.

"తింటివా?" అని నేను అస్తమానం ఫోను చేస్తున్నానని నాకూ ఒకటి చేసిపెట్టింది.

"తిన్నాక ఈడ నొక్కుతా. 'తినలేదు' అనేది 'తిన్నాను' అని మారతాది, నీ ఫోను మోగతాది. ఇంక నా ప్రాణం తియ్యబాక."

"మోగకపోతే?"

"ఏమీ మారలేదని."

ఆ రోజు మోగలేదు. పని తెమల్లేదేమో, ఒక్కోరోజు ఆలస్యంగా తింటుంది కదా అనుకుని బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను. పక్కసీటు అమ్మాయి ఫోను చేసి, "అత్తా, బిరీన రాండి" అని ఏడ్చేదాకా నాకేమీ తెలియదు.

నా బిడ్డ రాసినదాంట్లో తప్పేమీ లేదు. మారితే చెప్పమంది. మారలేదు, చెప్పలేదు. మనిషి పోయిందని దానికి ఎవరు చెబుతారు? 'తినలేదు' అని ఇప్పటికీ అట్లే చూపిస్తోంది.

రెండురోజుల తర్వాత ఆఫీసువాళ్ళు ఆమె సంచి తెచ్చిచ్చారు. క్యారియరు నేను మూసినట్టే ఉంది. పైగిన్నెలో ఉర్లగడ్డ వేపుడు. కింద పెరుగన్నం పులిసి, పొంగి, మూతకు అంటుకుంది. చెయ్యి పెట్టిన జాడ ఎక్కడా లేదు.

ఇది చదివినవాళ్ళు వేళకు పని మీదినుంచి లేచి, కడుపునిండా తినండి.