దెబ్బలు తినే ఉద్యోగం

పిల్లల వార్డు గుమ్మం దగ్గర స్టూలేసుకుని కూర్చునే కాపలావాణ్ణి అందరూ బస్తా అనే పిలుస్తారు. ఎంత కొట్టినా కిక్కురుమనడు, తిరిగి చెయ్యెత్తడు, అందుకని ఆ పేరు. ముక్కు రెండుసార్లు విరిగింది. పైపన్ను ఒకటి లేదు. కనుబొమ మీద కుట్లెన్నో అతనికే లెక్క తెలీదు. "బాబాయ్, నీ మొహంలో ఇంక కుట్టడానికి చోటు లేదు, ఈసారి వీపు చూపించు" అంటారు నర్సమ్మలు. అతను నవ్వుతాడు.

ఆస్పత్రిలో తన్నులేమిటంటారా? భలేవారే. బిడ్డకి ఒళ్ళు కాలుతుంటే కన్నవాళ్ళకి రోగం కన్నా ముందు రోషం వస్తుంది. "టెస్టులు రాయవేం? ఇంజెక్షన్ చెయ్యవేం?" అని డాక్టరు కాలరు పట్టుకుంటారు. దెబ్బకి దెయ్యం దిగుతుందంటారు. దెయ్యం సంగతేమో గానీ, డాక్టరు కలం మాత్రం కాగితం మీదికి దిగేది. పొద్దున్నే ల్యాబుకి వెళ్ళే ట్రేలో రక్తం ట్యూబులు చూసి, నిన్న ఏ డాక్టరు తన్నులు తిన్నాడో బస్తా చెప్పేసేవాడు. తన్నులు తిన్నవాడు మర్నాడు దగ్గొచ్చిన పిల్లకీ ఆరు టెస్టులు రాస్తాడు, ముక్కు కారినా యాంటీబయాటిక్ లాంటి పెద్ద మందు ఎక్కిస్తాడు. పిల్లల చేతులు సూదిపోట్లతో కమిలిపోయేవి. ఎవరి ప్రాణం కోసమయ్యా అదంతా? డాక్టరు ప్రాణం కోసం.

ఈ మధ్యే పెద్ద డాక్టరు ఒక నియమం పెట్టాడు. ఏ టెస్టు రాసినా, దాని ఫలితం చూసి వైద్యంలో ఏం మారుస్తారో చీటీ మీద ఒక్క ముక్క రాయాలి. రాయకపోతే ల్యాబు ఆ చీటీ వెనక్కి పంపేస్తుంది. పెద్ద మందుకీ అంతే. అప్పటినుంచి ట్యూబులు సగానికి తగ్గాయి. బస్తాకి దెబ్బలు రెట్టింపయ్యాయి.

ఆ పెద్ద డాక్టరు కుడి మోచెయ్యి తిన్నగా సాగదు. దాన్ని విరిచింది బస్తాయే.

పదిహేనేళ్ళ కిందటి మాట. అప్పుడతను మార్కెట్లో మూటలు మోసేవాడు, చెయ్యి ముందు, మాట తర్వాత. ఐదేళ్ళ కూతురికి జ్వరమొస్తే ఈ వార్డుకే తెచ్చాడు. "జలుబు జ్వరం, దానంతటదే పోతుంది, ఇంజెక్షన్ అక్కర్లేదు" అన్నాడు అప్పటికింకా కుర్రవాడైన డాక్టరు. అక్కర్లేదన్న మాటకి బస్తా ఒళ్ళు మండిపోయింది. అతన్ని గోడకేసి కొట్టి, చెయ్యి వెనక్కి విరిచాడు. ఎముక టక్కుమన్న చప్పుడు వార్డంతా విన్నది. ఆ చప్పుడికి హడలిపోయి పక్క డాక్టరు ఐదు రోజుల ఇంజెక్షన్లు రాసిచ్చాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. జ్వరం మూడో రోజుకి పోయింది, అదెలాగూ పోయేదే. వారం తర్వాత వెనకనుంచి పిలిస్తే పిల్ల తిరగలేదు. ఆ మందు కొందరికి చెవుల్ని లోపలే తినేస్తుందట, ఎవరికన్నది ముందు తెలియదట.

డాక్టర్ని కొట్టినందుకు జైలుకెళ్ళి, బయటికి రాగానే వచ్చి ఆ డాక్టరు కాళ్ళ మీద పడ్డాడు. ఆయన "కొట్టడం నీకు తెలుసు. ఈ గుమ్మంలో నిలబడి తినడం నేర్చుకో. ఒక్కసారి చెయ్యెత్తావో, ఆ రోజే ఇంటికి" అన్నాడు. అదీ ఉద్యోగం వచ్చిన వైనం.

కూతురికి మాత్రం జ్వరమే చెవులు తీసుకుపోయిందని చెప్పాడు. తల్లి లేని పిల్ల, తండ్రంటే ప్రాణం. నిజం తెలిస్తే తన మొహం చూడదని అతని భయం. ఇనపరాడ్డుకి భయపడని మనిషి దీనికి భయపడి చచ్చేవాడు.

ఇక ఆ రోజు పొద్దున. ఒక వెల్డరు మూడేళ్ళ కూతుర్ని తెచ్చాడు. రెండు రోజుల జ్వరం, ముక్కు కారుతోంది. డాక్టరమ్మ గుండె విన్నది, గొంతు చూసింది, చెవులు చూసింది. "నీళ్ళు తాగుతోంది, ఊపిరి బాగుంది. జ్వరం మందు చాలు. సాయంత్రం దాకా ఇక్కడే ఉంచండి, గంటగంటకీ నేనే చూస్తాను" అంది.

"ఊరికే చూస్తూ కూర్చోడానికి సినిమానా?" అని వెల్డరు సెలైన్ స్టాండు పెరికాడు. మొదటి దెబ్బకి కిటికీ అద్దం పగిలింది. రెండోది డాక్టరమ్మ కోసం లేచింది, బస్తా భుజం మీద పడింది. మూడోది పక్కటెముకల మీద. లోపల ఏదో విరిగింది. బస్తా చేతులు వెనక్కి కట్టుకుని ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు. నాలుగోదానికి పెదవి చీలి రక్తం చొక్కా మీదికి కారింది. పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. డాక్టరమ్మ చీటీ లాక్కుంది, ఇంజెక్షన్ రాయడానికి.

"రాయకమ్మా" అన్నాడు బస్తా. వెల్డరువైపు తిరిగాడు. "బాబూ, నేనూ ఇలాగే కొట్టి రాయించుకున్నాను, ఇక్కడే. నా కూతురికి చెవులు పోయాయి. మధ్యాహ్నం అన్నం తెస్తుంది. దాన్ని చూసి, అప్పటికీ కావాలంటే మిగతావి కొట్టు."

వెల్డరు స్టాండు దించలేదు గానీ, ఎత్తనూ లేదు. పోలీసుల్ని పిలుస్తానంది నర్సు. "ఎక్కడికీ పోడులే, పిల్ల దగ్గరుండనీ" అన్నాడు బస్తా.

మధ్యాహ్నానికి పాప జ్వరం కాస్త దిగింది. తండ్రి ఒళ్ళో కూర్చుని పాలు తాగింది. బస్తా కూతురు క్యారేజీ పట్టుకుని వచ్చింది, ఎదురు వీధి కుట్టుపని కార్ఖానా నుంచి. తండ్రి మొహం చూసి, ఎవరని చేత్తో అడిగింది. జారిపడ్డానని సైగ చేశాడు. సరిగ్గా అప్పుడే ఆమె వెనకాల నర్సు చేతిలోంచి స్టీలు ట్రే జారి నేల మీద పడింది. వార్డంతా ఉలిక్కిపడింది. పాప బెదిరి తండ్రి మెడ పట్టుకుంది. బస్తా కూతురు మాత్రం తల తిప్పలేదు, తండ్రి పెదవి మీది రక్తం తుడుస్తూనే ఉంది.

వెల్డరు మొహం పాలిపోయింది. పాపని ఎత్తుకుని ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పెదాలు చూసి మాటలు చదువుతుందని అతనికేం తెలుసు?

"మీ నాన్నని కొట్టింది నేనేనమ్మా" అన్నాడు. "ఆయన నీకోసం డాక్టర్ని కొట్టి ఆ ఇంజెక్షన్లు చేయించకపోతే నీకూ వినబడేదిగా. నేనూ అదే చేయబోయాను."

ఆమె తండ్రివైపు తిరిగింది. నిజమేనా అని అడగడానికి చెయ్యి సగందాకా లేచి ఆగిపోయింది. అడగక్కర్లేకపోయింది, అతని మొహమే చెప్పేసింది.

చెంప పగలగొట్టింది. చీలిన పెదవి మీదే మళ్ళీ కొట్టింది. రెండు పిడికిళ్ళతో ఛాతీ మీద, విరిగిన ఎముకల మీద గుద్దింది. ఆమె గొంతులోంచి మాటకాని అరుపొకటి వచ్చింది, ఆ అరుపు ఆమెకి తప్ప అందరికీ వినబడింది. వెల్డరు ఆపబోయాడు.

"ఆగు బాబూ. ఇవి నావే" అన్నాడు బస్తా. చేతులు వెనక్కే ఉన్నాయి. మొదటిసారి ఏడ్చాడు.

ఆమె క్యారేజీ నేల మీద వదిలేసి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి పాప తేరుకుని, ఇంటికెళ్తూ గుమ్మంలో "తాతా, టాటా" అంది. అతనూ టాటా చెప్పాడు. మర్నాడు కట్టు కట్టించుకుని మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. ట్రే వెళ్తుంటే చూశాడు. ట్యూబులు నాలుగే ఉన్నాయి. మధ్యాహ్నం వీధి చివరిదాకా చూస్తూ కూర్చున్నాడు. అన్నం రాలేదు.