ఊరి పేరుకి ఊరి కార్డు

టెలిగ్రాంలో పొడుగాటి చిరునామా బదులు ఒక్క పేరు రాస్తే చేరేలా పోస్టాఫీసులో పేరు రిజిస్టర్ చేసుకోవచ్చు. అయితే ఊళ్ళో చిరునామా ఉన్నవాళ్ళకే ఇస్తారు.

ఈ రోజు పొద్దున మద్రాసు నుంచి ఒక పెద్దమనిషి నూజివీడులోని మా మామిడికాయల కొట్టుకొచ్చాడు.

"'నూజివీడు రసాలు' అనే పేరు తీసుకుంటున్నానండీ. ఈ ఊరి చిరునామా కోసం మీ గోడకి చిన్న బోర్డు తగిలించుకోనివ్వండి, చాలు" అన్నాడు.

అంత తక్కువ అడిగేవాణ్ణి నేను నమ్మను. అతని చేతిలో ఒక చిన్న రసం మామిడిపండు పెట్టి చూశాను. అటూ ఇటూ తిప్పి, "చాకు ఉందాండీ?" అన్నాడు. పిసికి జుర్రుకోవాల్సిన పండుని కోసుకు తినేవాడికి మా ఊరి పేరెందుకు? పంపించేశాను.

ఆ పేరు ఇంకెవరైనా తన్నుకుపోయేలోపు నేనే తీసుకుందామని మధ్యాహ్నం పోస్టాఫీసుకి పరిగెత్తాను. గుమాస్తా నా రేషన్ కార్డు తిరగేశాడు.

"ఇది జి. కొండూరు కార్డు కదండీ. మీరు ఈ ఊరివాళ్ళనడానికి కాయితం ఏదండీ?"

ఇరవై ఏళ్ళుగా ఇక్కడే వ్యాపారం చేస్తున్నానని చెప్పాను. పొద్దున ఆ పెద్దమనిషిని నేనెలా చూశానో, గుమాస్తా నన్ను అచ్చం అలాగే చూశాడు.

మీ కార్డు ఏ ఊరిదో మీరూ ఓసారి చూసుకోండి. నా చేతిలోనూ ఒక పండు పెట్టి చూస్తే బాగుండేది, నెగ్గేవాణ్ణి.