ఊదించనిదే వదలని పెద్దమ్మ

మా పెద్దమ్మ పొద్దున్నే పళ్ళు తోముకోగానే చేసే మొదటి పని ఒక ప్లాస్టిక్ గొట్టంలోకి బలంగా ఊదడం. అరచేతిలో పట్టే గొట్టం అది. పైన అంకెలు, వాటి పక్కన ఒక ఎర్ర ముల్లు. ఊపిరితిత్తుల్లో ఎంత సత్తువ ఉంటే ముల్లు అంత ముందుకు జరుగుతుంది. మూడుసార్లు ఊది, "పర్వాలేదు, ఇవాళ్టికి ఢోకా లేదు" అని తేల్చుకున్నాక ఆ గొట్టం పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది. ఆవిడ మాతో ఉండటానికి వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఊదకుండా కాఫీ తాగినవాళ్ళు లేరు.

ఒకరి ఎంగిలి ఒకరికి తగలకుండా గొట్టం చివర తొడిగే ముక్కలు తలా ఒకటి ఇచ్చింది. స్నానాలగదిలో బ్రష్షుల పక్కన అవి కూడా వరసగా నిలబడి ఉంటాయి. నాన్న ఒకసారి నిద్రమత్తులో తన ముక్కకు పేస్టు పూసి, కాసేపు నమిలి, "ఈ బ్రష్షుకి కుచ్చులు ఊడిపోయాయేమిటి?" అని అమ్మను కేకలేశాడు.

పెద్దమ్మ వైద్య కళాశాలలో పరిశోధకురాలు. చేసే పనే మనిషికి పడకుండా పోవడం గురించి ఆవిడ పరిశోధన. రొట్టెలు చేసేవాళ్ళకు పిండి, వడ్రంగులకు రంపపు పొట్టు, ఎలుకల మీద ప్రయోగాలు చేసేవాళ్ళకు ఆ ఎలుకలే ఏళ్ళతరబడి పీల్చగా పీల్చగా ఒకనాటికి ఒంటికి సరిపడవు. తుమ్ములు, దగ్గు, ఆ తర్వాత ఉబ్బసం. అందుకని దగ్గిన మనిషి ఎక్కడ కనబడ్డా పెద్దమ్మ చెయ్యి సంచిలోకి వెళ్ళిపోతుంది.

వయసులో ఉండగా తనను పెళ్ళి చేసుకుంటానని మాటలకు వచ్చిన ఒకాయన చేత కూడా ఊదించిందట. ఆయన మళ్ళీ రాలేదు. "ముల్లు బాగానే ముందుకెళ్ళింది, మనిషే వెనక్కెళ్ళిపోయాడు" అంటాడు నాన్న. పెద్దమ్మ ఏమీ నొచ్చుకోదు. "అతని ఊపిరి బాగుంది మరిదీ, అది చాలు" అంటుంది.

ఒక సాయంత్రం పెద్దమ్మ నడుపుతున్న కారులో నేనూ ఆవిడా వస్తుంటే కూడలిలో పోలీసాయన ఆపాడు. తాగి నడిపేవాళ్ళను పట్టుకునే పరికరం కిటికీలోంచి లోపలికి చాచాడు.

"ఊదండి మేడం."

పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. జీవితంలో మొదటిసారి ఎవరో ఆవిణ్ణి ఊదమన్నారు. శుభ్రంగా ఊది, సంచిలోంచి తన గొట్టం తీసి కొత్త ముక్క తొడిగింది.

"ఇప్పుడు నువ్వు ఊదు నాయనా."

"నేనెందుకు మేడం? డ్యూటీలో ఉన్నాను."

"అందుకే. రోజంతా ఈ పొగలోనేగా నిలబడతావు? నిటారుగా నించో. గుండెల నిండా పీల్చు. ఊఁ!"

ఆయన ఊదాడు. మా వెనక బళ్ళు హారన్లు మోగిస్తున్నాయి. "ఇంకో రెండుసార్లు" అంది పెద్దమ్మ. నేను సీట్లో కిందికి జారి, ఒళ్ళోని నవలతో ముఖం కప్పుకున్నాను.

ఇంత ఊదించినా పెద్దమ్మ పేరు మీద ఒక్క పరిశోధనా వ్యాసం అచ్చు కాలేదు. ఆవిడ తర్వాత చేరినవాళ్ళంతా ప్రొఫెసర్లయ్యారు. "అక్కా, ఊరందరి గాలీ పట్టుకొచ్చి ఏం చేస్తున్నావే?" అని అమ్మ అడిగితే, "ఇంకా పూర్తి కాలేదే" అనేది. ఆ పూర్తి కాకపోవడం ఏమిటో మాకు తెలిసింది రొట్టెలాయన వల్ల.

మా వీధి మలుపులో ఆయన దుకాణం. ముందు గదిలో గల్లా దగ్గర భార్య. వెనక గదిలో పొయ్యి, పిండి కలిపే మర, తెల్లటి ధూళిలో ఆయన. ఒకరోజు నేనూ పెద్దమ్మా రొట్టె కొంటుంటే లోపల్నుంచి దగ్గు వినిపించింది. పెద్దమ్మ తిన్నగా వెనక గదిలోకి నడిచింది.

"ఏం తమ్ముడూ, ఆ దగ్గేమిటి?"

"దగ్గా? ఎవరు దగ్గారు?" అని ఆయన దగ్గాడు.

"నువ్వే."

"గొంతు సవరించుకున్నానమ్మా. పాట పాడదామని."

"సరే, పాడు."

ఆయన దీనంగా గల్లా వైపు చూశాడు. "పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక్క పాట పాడిన పాపాన పోలేదు. పాడండి, నేనూ వింటాను" అంది భార్య.

పెద్దమ్మ గొట్టం ఆయన చేతిలో పెట్టి, వారం పాటు రోజుకు నాలుగుసార్లు ఊది, ముల్లు ఎక్కడ ఆగిందో రాసి ఉంచమంది. వారం తర్వాత చూస్తే అంకెలన్నీ దివ్యంగా ఉన్నాయి. ఆయన మాత్రం పిండి మూట దించి గోడకు చేరబడి ఎగశ్వాస తీస్తున్నాడు.

"ఏదీ, నా ముందోసారి ఊదు."

ఊదాడు. ముల్లు సగం దూరం కూడా పోలేదు.

"గొట్టం పాడైనట్టుందమ్మా" అన్నాడు ఆయన, గొట్టాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తూ.

భార్య విసవిసా వచ్చి గొట్టం లాక్కుని, ముక్క మార్చి ఒక్క ఊదు ఊదింది. ముల్లు సరిగ్గా ఆ దివ్యమైన అంకెల దగ్గరికి వెళ్ళి ఆగింది.

"ఇక చాల్లెండి! వారమంతా ఊదింది నేనే అక్కగారూ. పొద్దున్నే నన్ను లేపి మరీ ఊదించారు."

ఆయన పిండి మూట మీద కూలబడ్డాడు. "నిజం తెలిస్తే మానెయ్యమంటారు కదమ్మా. పోయినేడు ఒక డాక్టరు అదే అన్నాడు. ఈ పొయ్యి తప్ప నాకింకో పని రాదు. మానేసి ఏం తినమంటారు?"

"నేను మానెయ్యమన్నానా?"

"అనలేదు. అంటారేమోనని."

పెద్దమ్మ ఆయన పక్కనే ఇంకో మూట మీద కూర్చుంది. "ముందు మందులు వాడు. కొన్నాళ్ళు పొయ్యి ఆర్పి ఇంట్లో ఉండు. రోజూ నువ్వే ఊదు. మిగతా సంగతి తర్వాత చూద్దాం."

పొయ్యి మరమ్మతు అని తలుపు మీద కాగితం అంటించి దుకాణం మూశారు. పెద్దమ్మే ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మందులు రాయించింది. ముల్లు రోజురోజుకూ కొంచెం కొంచెం ముందుకు జరిగింది. దుకాణం తెరిచే ముందు రోజు ఆయన మా మెట్లన్నీ పరిగెత్తుకుంటూ ఎక్కి వచ్చి, "ఆయాసం లేదు చూడండి!" అని గుమ్మంలోనే గుంజీలు తీశాడు. నాన్న బలవంతాన ఆపాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే పెద్దమ్మ పై అధికారి మా ఇంటికి వచ్చాడు.

"మేడం లేరా?"

"పొద్దుననగా రొట్టెల దుకాణానికి వెళ్ళిందండీ. గోడకు కన్నం వేసే మనిషిని తీసుకుని" అన్నాను.

ఆయన తల పట్టుకున్నాడు. "మళ్ళీ మొదలుపెట్టారూ! ఎక్కడమ్మా ఆ దుకాణం?"

దారి పొడవునా నాతో మొరపెట్టుకున్నాడు. ఈ జబ్బుకు కారణం పనేనని నిరూపించడానికి ఒక పద్ధతి ఉందట. పనిలో ఉండగా ఊదించాలి, సెలవులో ఊదించాలి, మళ్ళీ పనిలోకి పంపి ఊదించాలి. మూడోసారి ముల్లు పడిపోతే రుజువైనట్టు. పెద్దమ్మ అన్నిచోట్లా రెండో మెట్టు దాకా వచ్చి ఆగిపోతుందట. మూడో మెట్టు వచ్చేసరికి అక్కడ ఆవిడే దగ్గరుండి కిటికీలు పెట్టించి, దుమ్ము లేవకుండా చేసేస్తుందట. "చెక్క పని దగ్గర ఇదే, దూది మిల్లులోనూ ఇదే. పడాల్సిన ముల్లు పడదు, వ్యాసం పూర్తి కాదు!"

మేం వెళ్ళేసరికి దుకాణం రూపం మారిపోయింది. పిండి మరకు మూత వచ్చింది. దాన్ని పెరట్లోని విడి గదిలోకి జరిపారు. గోడ కన్నంలోంచి గాలిని బయటికి లాగే ఫ్యాను తిరుగుతోంది. ముక్కుకు మాస్కు కట్టుకున్న రొట్టెలాయన బావమరిదికి పెద్దమ్మ పాఠం చెబుతోంది. "మూటను ఎత్తి కుమ్మరించకు. మూతిని అడుగుదాకా దించి, మెల్లగా వదులు. నిద్రపోతున్న పసిపిల్లను పడుకోబెట్టినట్టు. రేపట్నుంచి మీ బావ పొయ్యి దగ్గరే ఉంటాడు, పిండి గదిలోకి రాడు."

"మేడం," అన్నాడు అధికారి, "రేపు ఆయన ఎప్పట్లాగే పని చేస్తే ముల్లు పడిపోవాలి. అది చూడాలి మనం."

"పడిపోతుందని మీకు తెలుసు కదా సార్?"

"తెలుసు."

"నాకూ తెలుసు. నిన్ననే ఆయన ఆయాసం లేకుండా పడుకున్నాడట. రేపు నేనే పంపి, ఆయన ఎగరొప్పుతుంటే పక్కన నిలబడి అంకె రాసుకోవాలా? నా వల్ల కాదు సార్. చాలాసార్లు ప్రయత్నించాను, కాలేదు."

ఆవిడ తప్పు చేసి దొరికిపోయినట్టు తల వంచుకుని చేతులకంటిన పిండి దులపబోయింది. దుమ్ము లేస్తుందని గుర్తొచ్చి తడిగుడ్డతో తుడుచుకుంది. రొట్టెలాయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

అధికారి ఫ్యాను దగ్గరికి వెళ్ళి గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. "ఇవన్నీ పెట్టాక అయినా ఊదిస్తారా?"

"తప్పకుండా."

"అయితే అదే రాయండి. బాగుచేస్తే ఏమవుతుందన్నదే మన పరిశోధన అనుకుందాం. మీరెలాగూ ఆగరు."

పొయ్యి వెలిగాక కూడా ముల్లు పడిపోలేదు. ఒకటి రెండు గీతలు తగ్గి, నిలబడింది. పోయిన నెల పెద్దమ్మ మొదటి వ్యాసం అచ్చయింది. అందులో రొట్టెలాయన పేరు ఉండదు, 'మధ్యవయస్కుడైన పురుషుడు' అని మాత్రం ఉంటుంది. ఆయన ఆ పేజీకి పటం కట్టించి గల్లా పైన తగిలించాడు. రొట్టె కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ వేలు పెట్టి మరీ చూపిస్తాడు. "ఈ పురుషుడు నేనేనండీ."

పెద్దమ్మ ఇప్పుడు జుట్టుకు రంగులు వేసే ఒక సెలూన్‌కు వెళ్తోంది. అక్కడ కిటికీ పెట్టడానికి గోడ పగలగొడుతున్నారు.