ఎడమచేతి కుట్టు

నిన్న మధ్యాహ్నం సూదిపని క్లాసుకు మా బడి పిల్లలు ఇళ్లనుంచి పాత గుడ్డలు తెచ్చారు. అందులో ఒక నేతచీర ముక్కను అలవాటు కొద్దీ చెంపకు ఆనించుకున్నాను. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన నూలు, దానికి పట్టిన ఎండవాసన. పిల్లలు కిసుక్కున నవ్వారు, టీచర్‌కు పిచ్చి పట్టిందనుకున్నారేమో. నాకు మాత్రం విమలత్త కళ్లముందు నిలిచింది.

విమలత్త సిద్దిపేటలో మా పక్కింటి మనిషి. చుట్టం కాదు, వాడకట్టు వరసలో అత్త. నేతపనివాళ్ల ఇంట పుట్టింది. భర్త భీవండిలో మిల్లు పనిలో ఉంటే, తను ఇక్కడ జాకెట్లు కుట్టేది. ఎండాకాలం సెలవుల్లో వాడకట్టు పిల్లలందరినీ అరుగు మీద కూర్చోబెట్టి సూదీ దారం చేతికిచ్చేది. నోరు మహా దురుసు. దారం కాస్త పొడుగ్గా తెంపామా, బావిలో బొక్కెన వేస్తావా అని ఎత్తిపొడిచేది. అయితే పిల్లలు వేసిన కుట్టు ఎంత వంకరగా ఉన్నా ఏనాడూ విప్పించేది కాదు.

మా వాడకట్టులో ఎవరింట్లో కాన్పయినా పసిబిడ్డ కిందికి బొంత ఆ అరుగు మీదే తయారయ్యేది. పాత చీరల ముక్కలు తలా ఒకటి కుట్టేవాళ్లం, ఆమె అన్నిటినీ కలిపి బొంత చేసేది. పసివాళ్ల బొంతకు దారం కొసన ముడి వేయకూడదు, ఒంటికి గుచ్చుకుంటుంది. మొదటి కుట్టు మీదే ఇంకో కుట్టు వేసి బిగించాలి. అయ్యాక చెంపకు రాసుకుని చూడాలి. ఆమె పెట్టే పరీక్ష అదొక్కటే.

ఆ ఏడు కాన్పు మా ఇంట్లోనే. తమ్ముడు పుట్టాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. నాది ఎడమచేతి వాటం. ఆ చేత్తో ముద్ద ముట్టినా, పలక పట్టినా నాన్నవాళ్లమ్మ, మా బాపమ్మ, అంతెత్తున లేచేది. ఆమె కంట పడకముందే అమ్మ ఆ చేతిమీద ఒకటి వేసేది. అందుకని తమ్ముడి బొంతకు కుడిచేత్తోనే నానా తంటాలూ పడి ఒక ముక్క కుట్టాను. విమలత్త దాన్ని చూసింది, నన్ను చూసింది, బ్లేడు తీసి కుట్లన్నీ విప్పేసింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"గిది నీ చేతి కుట్టు కాదు బిడ్డా. భయపడుకుంట కుట్టినవ్," అంది. "ఏ చెయ్యి ఉరుకుతదో గా చేత్తోనే కుట్టు."

మిగతా పిల్లలు ఆమె పక్కన కూర్చుని నేర్చుకునేవారు. నన్ను మాత్రం ఎదురుగా కూర్చోబెట్టుకుంది. అద్దంలో చూసుకున్నట్టు, ఆమె కుడిచెయ్యి ఎటు కదిలితే నా ఎడమచెయ్యి అటు కదిలింది. సాయంత్రానికి ముక్క పూర్తయింది. చెంపకు రాసుకుంటే ఎక్కడా గుచ్చుకోలేదు. అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు.

తమ్ముణ్ణి తొట్టెలలో వేసే బారసాల రోజు విమలత్త బొంత తెచ్చింది. అందులో ఒక ముక్క నేను ఎడమచేత్తో కుట్టానని ఎవరో పిల్ల వాగేసింది. బాపమ్మ మొహం మాడిపోయింది. ఆ చేతి కుట్టు పసివాడి ఒంటికి తగిలితే శుభం కాదని, ఈ పిల్ల చెప్పేది నిజమేనా అని విమలత్తను నిలదీసింది. కాదంటే అయిపోయేది. పిల్లల మాటేగా, ఎవరూ మళ్లీ అడిగేవారు కాదు. కాదనవా అత్తా అని మనసులోనే బతిమాలుతూ ఆమెవైపే చూస్తున్నాను.

"అవు, ఎడమ చేత్తోనే కుట్టింది," అంది విమలత్త. "గదే దాని చెయ్యి. మంచిగ కుట్టింది."

ఆ ముక్క తీసేయమంది బాపమ్మ. విమలత్త తీయనంది. వద్దంటే బొంత తిరిగి తీసుకుపోతానని మడతపెట్టడం కూడా మొదలుపెట్టింది. ఇంటినిండా చుట్టాలు చూస్తున్నారు. అప్పుడు మంచం మీదినుంచి అమ్మ లేచి వచ్చింది, బాపమ్మ ముందు ఏనాడూ గొంతు పెగలని మా అమ్మ. బొంత చేతిలోకి తీసుకుని, నా ముక్క ఏదో నన్నే అడిగి, దాన్ని చెంపకు రాసుకుంది.

"నా బిడ్డ కుట్టింది అత్తమ్మా. నా కొడుకు దీని మీదనే పంటడు," అంటూ తొట్టెలలో పరిచింది.

బాపమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ తర్వాత కూడా సణుగుతూనే ఉండేది. అమ్మ మాత్రం నా చేతిమీద మళ్లీ ఒక్క దెబ్బ వేయలేదు.

విమలత్త పోయి కొన్నేళ్లయింది. ఆమె నాకు కుట్టు నేర్పిందని అందరూ అంటారు. నిజమే, ఇవాళ తింటున్న అన్నం దాని చలవే. కానీ ఆ రోజు నామీది జాలితో ఆమె చిన్న అబద్ధం ఆడి ఉంటే, బొంత ఏ గొడవా లేకుండా తొట్టెలెక్కేది. నా చెయ్యి మాత్రం ఈనాటికీ వీపు వెనకాల దాక్కునే ఉండేది. ఈ నాలుగు మాటలూ ఆ చేత్తోనే రాశాను.