పెద్దసారుకీ పదిహేను నిమిషాలే

ఆ కాలేజీ కెమిస్ట్రీ విభాగంలో స్టోర్ కీపర్‌ని అందరూ గంటాయన అనేవారు. ఏడాదంతా గాజుసామాను కాపలా. ఏటా జరిగే సదస్సు రెండు రోజులూ మాత్రం స్టేజీ పక్కన బల్ల దగ్గర కూర్చుని గంట నొక్కడం ఆయన పని. మాట్లాడేవాళ్లకి తలా పదిహేను నిమిషాలు. పన్నెండుకి ఒక గంట, పదిహేనుకి ఇంకొకటి. ఆ రెండో గంటకి ఒకాయన "ధన్య" దగ్గర ఆగిపోయి, "వాదాలు" మరుసటి ఏడు వచ్చి చెప్పి వెళ్లాడట. ఇందులో అబద్ధం ఉంటే పావు వంతే.

అయితే ఆ గంటకీ మర్యాద తెలుసు. కుర్రాళ్లకే మోగుతుంది, పెద్దవాళ్లకి మోగదు. ఎక్కడా రాసి లేదు, ఎవరికీ చెప్పనక్కర్లేదు.

నిరుడు విభాగాధిపతి పెద్దసారు మైకు పట్టుకుని నలభై నిమిషాలు వదల్లేదు. తర్వాత వంతు గంటాయన కూతురిది. నాలుగేళ్లు ల్యాబులో ఒళ్లు హూనం చేసుకుని తెచ్చుకున్న ఫలితాలు. మూడో స్లయిడ్‌కి రాగానే ముందు వరసలోంచి పెద్దసారు వేలు ఊపాడు.

"కొట్టవయ్యా, అవతల టీ చల్లారిపోతోంది!"

కన్నతండ్రే కొట్టాడు. పిల్ల సగంలోనే దిగిపోయింది. ఆ రోజు ఆయన కడుపులో రాజుకున్న మంట ఏడాది తిరిగినా ఆరలేదు. దానిమీద ఎసరు పెడితే వీధి వీధంతా భోంచేసేది.

ఈ ఏడు మళ్లీ అదే వరస. ముందు పెద్దసారు, వెనక ఆ పిల్ల. పైగా ఆమె థీసిస్ తేల్చే ఇద్దరు పరీక్షకులూ హాల్లోనే ఉన్నారు. ఈసారి కూడా సగంలో దిగిపోతే, పని సగమే అయిందని ఇంకో ఏడాది ల్యాబుకి తోలేస్తారు.

సదస్సుకి వారం ముందు పెద్దసారే ఒక కాగితం పంపాడు. "పదిహేనో నిమిషం దాటినచో మైకు ఆపివేయవలెను. ఎవరికీ మినహాయింపు లేదు." కింద బారెడు సంతకం. రాసింది కుర్రకారుని దృష్టిలో పెట్టుకుని. ఆ 'ఎవరికీ'లో తానూ ఉంటానని ఆయన కలలో కూడా అనుకోలేదు. గంటాయన దాన్ని బల్లకి అతికించుకున్నాడు.

మైకు నడిపేది ఆయన బావమరిది. అది రెండుసార్లు చదివాడు.

"బావా, నిజంగానే ఆపేయమంటావా?"

"నేనెవర్నిరా అనడానికి? కాగితం అంటోంది."

"ఉద్యోగం ఊడుతుంది బావా."

"ఊడితే స్టోరు తాళాలు నువ్వు తీసుకో. నా సైగ చూసి నొక్కు."

పెద్దసారు స్టేజీ ఎక్కాడు. మొదటి స్లయిడ్ ఆయన ఫొటో. రెండోది మంత్రిగారితో ఫొటో. మూడోది ఎవరో విదేశీ శాస్త్రవేత్త పక్కన, ఫ్రేములో పట్టక అవతలాయన చెవి తెగిపోయిన ఫొటో. ఏడో ఫొటో దగ్గర గంట మోగింది. పెద్దసారు దోమని తోలినట్టు చెయ్యి విదిల్చి, "ఇక అసలు విషయానికొస్తే..." అంటూ ఎనిమిదో ఫొటోకి వెళ్లాడు.

పదిహేనో నిమిషం. టంగ్!

"ఏమయ్యా, ఎవరికి కొడుతున్నావో తెలుస్తోందా?"

"తెలియకేం సార్. సంతకం కూడా మీదే."

గంటాయన చెయ్యెత్తాడు. మైకు చచ్చింది. పెద్దసారు పెదాలు చేపపెదాల్లా ఆడుతున్నాయి గానీ మాట రెండో వరస దాకా కూడా రావడంలేదు. పరీక్షకుల్లో ఒకాయన నవ్వు ఆపుకోబోయి దగ్గాడు. అంతే, హాలంతా గొల్లుమంది. నలభై ఏళ్ల పరిశోధనలో ఒక్క ముక్క బయటపడకుండానే పెద్దసారు మెట్లు దిగి కూర్చున్నాడు.

కూతురు లేచింది. పద్నాలుగో నిమిషానికి అంతా చెప్పి ముగించింది. పరీక్షకులిద్దరూ ప్రశ్నలు వేశారు, జవాబులు విని తలలూపారు. వాళ్లలో పెద్దాయన లేచొచ్చి, "థీసిస్ ఇచ్చెయ్యమ్మా, ఇంకేం మిగిలింది?" అన్నాడు.

వరండాలో ఆమె పరుగున వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"ఎలా చెప్పాను నాన్నా?"

"అదరగొట్టేశావు తల్లీ!"

"ఏది బాగా నచ్చింది?"

గంటాయన హాలు వైపు తిరిగాడు. ఆమె మాట్లాడినంతసేపూ ఆయన ఒక కన్ను గడియారం మీద, ఇంకో కన్ను పెద్దసారు మొహం మీద. చెవులు రెండూ కూడా అటే పోయాయి. ఆ మొహం ఎన్ని రంగులు మారిందో, ఎన్నిసార్లు చెమట పట్టిందో వరసగా అప్పజెప్పగలడు. కూతురి మాట మాత్రం ఒక్కటీ బుర్రకెక్కలేదు.

"నాన్నా! అసలు విన్నావా?"

"నువ్వు చెప్పింది ఇంటికెళ్లాక మళ్లీ చెబుదువుగానిలేవే," అన్నాడు, ఇంకా హాలు వైపే మెడ సాచి చూస్తూ. "ఆ మొహం మాత్రం మళ్లీ దొరకదు."