గడియ కోసం పదకొండు ఇంగ్లీషు మాటలు

"ఒకరు వెళ్ళాల్సిన చోటికి ఇద్దరెందుకెళ్ళారు?"

"ఒకరు లోపలికి సార్, ఒకరు తలుపుకి."

"తలుపుకి మనిషేంటి?"

"మా పాయిఖానకు గడియ లేదు గద సార్. లోపల కూసున్నోళ్ళకు తలుపు అందదు. గడియ పెట్టియ్యుండ్రి, రేపటిసంది ఒక్కదాన్నే పోత."

"అంటే, యూనియన్ పెడుతున్నావా?"

"గడియ పెట్టమంటున్న సార్."

"ఇకమీదట ఇద్దరు కలిసి బెల్టు వదిలితే ఇద్దరూ ఇంటికే. చెప్పేశా!" అన్నాడు మా మేనేజరు.

ఆ రోజుల్లో పటాన్‌చెరు దాటాక ఏ కంపెనీ గేటు దగ్గరైనా యూనియన్ అన్న మాట పైకి అనకూడదు. పాము పేరు ఎత్తకుండా పురుగు అంటాం చూడండి, అలాగన్నమాట. మాది గడ్డపోతారం వైపు ఒక మందుబిళ్ళల కంపెనీ. ప్యాకింగులో పద్ధెనిమిది మంది ఆడవాళ్ళం. బెల్టు మీద వచ్చే బిళ్ళల పట్టీలను పదేసి ఏరి డబ్బాల్లో పెట్టడం మా పని. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు, చదువు నాలుగో తరగతి (ఐదో తరగతి గది కప్పు కూలింది, మళ్ళీ వేసేలోపు మావాళ్ళు నా పెళ్ళి చేసేశారు). మగవాళ్ళ పాయిఖానాకు గడియ ఉండేది. వాళ్ళు దాన్ని ఎన్నడూ వేసుకునేవాళ్ళు కాదు, అది వేరే సంగతి.

బెల్టు దగ్గర నా పక్కన కూర్చునే ఆమెను అందరం ఆపా, అంటే అక్కా, అనేవాళ్ళం. సంగారెడ్డి నుంచి వచ్చేది, నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను లోపలికి పోతే ఆపా తలుపు పట్టుకునేది, ఆపా పోతే నేను. మేనేజరు ఆ మాట అన్నప్పటి నుంచి అదీ పోయింది. పద్ధెనిమిది మందిమీ పొద్దున చాయ్ మానేశాం, మధ్యాహ్నం నీళ్ళు మానేశాం. పొదుపు నాకిష్టమే గానీ నీళ్ళ దగ్గర పొదుపు చేస్తే ఒళ్ళు ఊరుకుంటుందా? నాలుగో రోజుకు ఆపాకు మూత్రంలో మంట, జ్వరం. "నీళ్ళు తాగవా?" అని డాక్టరు తిట్టాడట. "తాగుత సాబ్, మా మేనేజర్‌ను అడిగి చెప్పు" అందట ఆపా.

మా మరిది అప్పుడు డిగ్రీ చదువుతూ బ్యాంకు పరీక్షలకు తయారవుతున్నాడు. ఒక ఇంగ్లీషు మాట రాసి, అదే అర్థం వచ్చే మాటలన్నీ దాని కింద రాసుకునే నోట్సు ఒకటి ఉండేది అతని దగ్గర. నా సంగతి విని, ఆ నోట్సు తెచ్చి కూర్చున్నాడు.

"యూనియన్ అంటే సారుకు భయమైతే వేరే మాట పెడదం వదినా. అసోసియేషన్. జెర మర్యాదగ ఉంటది."

"ఇంకేమున్నయి?"

"ఫెడరేషన్, లీగ్, అలయన్స్, ఫెలోషిప్..." మొత్తం పదకొండు చదివాడు.

"అన్నిటికీ అర్థమేంది?"

"కలిసి ఉండుడు. గంతే."

మా ఇంట్లో ఒకే గంజు. అన్నం దించి అందులోనే పప్పు, పప్పు దించి అందులోనే స్నానానికి నీళ్ళు. ఈ ఇంగ్లీషువాళ్ళేమో ఒక్క బువ్వకు పదకొండు గంజులు పెట్టుకున్నారు! పైగా అవన్నీ తోముకోవడానికి మా మరిది లాంటి వాళ్ళు.

అర్జీ ఇంగ్లీషులో రాశాడు. పైన 'మహిళా కార్మికుల అసోసియేషన్', కింద గడియ కావాలని ఒక్క ముక్క, పద్ధెనిమిది సంతకాలు (అందులో ఆరు వేలిముద్రలు). మేనేజరు పై మాట చదివి అక్కడే ఆగిపోయాడు. "అసోసియేషన్ అంటే రిజిస్ట్రేషన్ కావాలి. ఉందా?" లేదు. కాగితం వృథా చేయడం నా వల్ల కాదు. అదే కాగితం మీద ఆ మాట కొట్టేయించి, పైన ఫెడరేషన్ అని రాయించాను. "పద్ధెనిమిది మందికి ఫెడరేషనా!" అని నవ్వాడు. లీగ్ అంటే రాజకీయం అన్నాడు. అలయన్స్ అంటే పెళ్ళి సంబంధాల ప్రకటనలో రాసే మాటట. రోజుకొక మాట తీసుకుపోయాను. కాగితం నెత్తి మీద కొట్టివేతలు పేరుకున్నాయి గానీ, కిందనున్న గడియ దాకా ఆయన కళ్ళు ఒక్కసారి కూడా దిగలేదు. అంత చదువుకున్నాయనకు మాటల భయం ఉంది, మనిషి భయం లేదు.

పదకొండో మాట కూడా కొట్టేసిన రోజు కుర్చీలో వెనక్కి వాలి, ఎంతో ప్రేమగా అన్నాడు: "ఇవన్నీ ఎందుకమ్మా? మనమంతా ఒక ఫ్యామిలీ. ఫ్యామిలీలో అర్జీలుంటాయా?"

"ఉండయి సార్" అన్నాను. కాగితం మడిచి కొంగున కట్టుకుని వచ్చేశాను. (ఇప్పుడైతే నాలుగు మాటలు అనకుండా కదలను. ఇరవై మూడేళ్ళ ఆ పిల్లకు ఇప్పటి నాకన్నా బుద్ధి ఎక్కువ.)

మధ్యాహ్నం బెల్టు నిండుగా నడుస్తోంది. లేచాను. నా వెనక, జ్వరం తగ్గి మళ్ళీ పనికొస్తున్న ఆపా లేచింది. ఆమె వెనక ఒకరు, వాళ్ళ వెనక ఇద్దరు. పద్ధెనిమిది మందిమీ వరసగా నడిచాం. మేనేజరు పరుగున అడ్డమొచ్చాడు.

"ఎక్కడికి అందరూ?"

"పాయిఖానకు సార్."

"అందరికీ ఒకేసారా?"

"ఫ్యామిలీ గద సార్. మా ఇండ్లల్ల ఆడోళ్ళం కలిసే పోతం" అన్నాను.

"ఇద్దరు పోవద్దన్నరు మీరు. పద్ధెనిమిది మందికి మనా చెయ్యలే గద" అంది ఆపా.

వెనకాల బెల్టు ఆగలేదు. పట్టీలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి నేల మీద కుప్ప పడుతున్నాయి. ఆపే మీట ఏదో ఆయనకు తెలియదు. ఒకటి నొక్కితే ఫ్యాన్లు ఆగాయి, ఇంకొకటి నొక్కితే దీపాలు పోయాయి. మేమేమీ తొందర పడలేదు. ఒకరు లోపల, పదిహేడు మంది బయట, ఒకరి తర్వాత ఒకరు. చివరామె బయటికి వచ్చేసరికి టీ గంట కొట్టారు, తాగాం. మానేసినవన్నీ కలిపి తాగాం.

మర్నాడు పొద్దున మేం వచ్చేసరికి వడ్రంగి మేస్త్రి గడియ బిగించి వెళ్ళిపోయాడు. తలుపు కింద ఇంకా చెక్కపొట్టు ఉంది. మొదట నేనే పోయాను. వేసి చూశాను, తీసి చూశాను, మళ్ళీ వేశాను. బయట ఎవరో నిలబడ్డ చప్పుడైంది.

"గడియ పడ్డది ఆపా, నువ్వు పోయి కూసో" అన్నాను.

"పడితే పడనీ. నీ పని నువ్వు కానియ్యి" అని, ఆపా అక్కడే నిలబడింది.