పెద్దాయనకు చెప్పని చిల్లు

ఆఫీసులో ఆవిడ పేరు కందిరీగ. ఎవరు పెట్టారో తెలియదు కానీ, పెట్టినవాడు ఆవిడ చేతిలో ఒక్కసారైనా ఓడిపోయే ఉంటాడు. నలభై ఒక్కేళ్ళ మనిషి. కళ్ళజోడు, మెడనొప్పి, పక్కన ఎప్పుడూ చల్లారిపోయిన టీ. చూస్తే ఏ స్కూల్లోనో లెక్కల టీచరనుకుంటారు. చేసేది మాత్రం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా కంప్యూటర్ మీద యుద్ధాలు.

"జీతమిచ్చి ఆటలాడిస్తున్నారా! పెట్టిపుట్టావే నువ్వు" అంటుంది వాళ్ళక్క. ఎవరికి కావాలండీ ఆ భాగ్యం! రోజుకు పది ఆటలు, పదింట్లో పదీ ఓటమే అయితే మనిషి ఇంటికొచ్చి అన్నం ఎలా తింటుందో ఆ అక్కకేం తెలుసు.

ఆట చిన్నదే. రెండు కోటలు, మధ్యన నది, చెరొక సైన్యం, చెరొక ధాన్యం కొట్టు. అవతలి కోటను పట్టుకుంటే గెలుపు. ఆడటానికి మనుషులు దొరకనప్పుడు ఎదురు కూర్చోవడానికి కంపెనీవాళ్ళు ఒక కృత్రిమ మేధను తయారుచేశారు. ఆఫీసులో దాన్ని అందరూ పెద్దాయన అంటారు. "పెద్దాయన ఇవాళ చిరాకు మీదున్నాడు", "పెద్దాయనకి పడవలంటే పడదు" అని, ఇంట్లో మామగారి గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. ఆయన తనతో తానే కోట్ల ఆటలు ఆడుకుని నేర్చుకున్నాడు. కానీ తనకు తట్టనిది తనతో తాను ఎన్నాళ్ళాడినా తట్టదు కదా! అందుకని కందిరీగలాంటి వాళ్ళకు జీతాలిచ్చి కూర్చోబెట్టారు. ఆయన్ను ఓడించాలి. ఎలా ఓడించారో శుక్రవారం సాయంత్రంలోగా చిల్లుల పుస్తకంలో రాయాలి. పేరుకు పుస్తకమే గానీ అదీ కంప్యూటర్లోనే ఉంటుంది. సోమవారానికల్లా ఇంజినీర్లు ఆ చిల్లు పూడ్చేస్తారు. ఇక ఆ ఎత్తు ఆయన దగ్గర జన్మలో పారదు.

ఇంకో నియమం కూడా ఉంది. నెల మొత్తంలో ఒక్క ఆటైనా గెలవలేనివాళ్ళు వేరే పని వెతుక్కోవాలి. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే మరి! ఒకప్పుడు ఆ గదిలో ఏడుగురుండేవారు. ఇప్పుడు కందిరీగ, ఎప్పుడూ ఆవలించే ఒక పెద్దమనిషి, అంతే. ఖాళీ అయిన ఐదు కుర్చీల మీద సంచులు పెట్టుకుంటున్నారు.

ఏడు నెలల కిందట ఒకరోజు కందిరీగ చెయ్యి జారింది. అవతలివాళ్ళ పడవలు తగలబెట్టబోయి తన ధాన్యం కొట్టే తగలబెట్టుకుంది. "నా బుద్ధి కాల!" అని నెత్తి కొట్టుకుని, ఆట అయిపోయిందనుకుని టీ అందుకుంది. తీరా చూస్తే పెద్దాయన కోటలో కాపలావాళ్ళు కూడా బయటికొచ్చేస్తున్నారు. ఎవడైనా తన కొట్టు తానే కాల్చుకున్నాడంటే వాడి పని అయిపోయినట్టేనని లెక్కగట్టి, ఆయన ఉన్నదంతా ఊడ్చుకుని చివరి దెబ్బకు బయల్దేరాడు. కోట ఖాళీ. రెల్లు వెనక మిగిలిన ఇరవై గుర్రాలతో ఆవిడ నది దాటి లోపలికి నడిచి వెళ్ళిపోయింది.

ఆ శుక్రవారం చిల్లుల పుస్తకం తెరిచి ఒక వాక్యం రాసింది. చాలాసేపు దానికేసి చూసింది. చెరిపేసింది. అప్పటినుంచి నెలకు ఒక్కసారి, నెలాఖరున, కొట్టు తగలబెట్టి గెలుస్తోంది. పుస్తకంలో మాత్రం ఏదో ఒక చిన్న కారణం రాస్తుంది. ఆఫీసువాళ్ళ ఆటలు ఇంజినీర్లు తిరిగి చూడరు, పుస్తకంలో రాసిందే చదువుతారు. ఆ సంగతి పక్క కుర్చీ పెద్దమనిషికి కూడా చెప్పలేదు. కడుపులో పెట్టుకుంది.

ఇంట్లో అక్క, అక్క కూతురు, తను. ఆ పిల్లని అందరూ పిడుగు అంటారు, పంతొమ్మిదేళ్ళు. చదువు ఆపేసి ఈ ఆట పట్టుకుంది. ఒక పేరున్న జట్టులో ఒకే ఒక్క చోటు ఖాళీ ఉంది. పోటీ పెట్టి తీసుకుంటారు, రెండేళ్ళు శిక్షణ ఇస్తారు. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేసే అక్క ముందే తేల్చి చెప్పింది.

"ఏడాది టైమిస్తున్నా. ఎంపికైతే నీ ఇష్టం. కాకపోతే నా ఇష్టం, వచ్చి మా క్లినిక్‌లో కూర్చో. మళ్ళీ ఆట ఊసెత్తకూడదు."

సాధన కోసం కందిరీగే ఆఫీసు నుంచి పెద్దాయన్ను ఇంటికి తెచ్చింది. ఉద్యోగుల ఇళ్ళకు ఇస్తారు. పిడుగు మొదట్లో ఆరు నిమిషాలు నిలబడేది, ఏడాది తిరిగేసరికి నలభై నిమిషాలు నిలబడుతోంది. మధ్యమధ్యలో వచ్చి మెడ చుట్టూ చేతులేసేది.

"పిన్నీ, నాతో ఒక్క ఆట ఆడవూ? నువ్వు ఎలా ఆడతావో చూడాలనుంది."

"పెద్దాయనుండగా నేనెందుకే తల్లీ! నా చేతులకి ఆఫీసులోనే ఓపిక అయిపోతోంది."

అబద్ధం. ఆడితే ఎప్పుడో ఒకప్పుడు తన చెయ్యి కొట్టు మీదికి పోతుందని భయం. పిల్ల చూస్తుంది, చూస్తే పెద్దాయన మీద వాడుతుంది. బయటివాళ్ళెవరైనా పెద్దాయన్ను గెలిస్తే ఆ ఆట నేరుగా ఇంజినీర్ల బల్ల మీదికి పోతుంది. ఆ సోమవారంతో తన కుర్చీ కూడా సంచులు పెట్టుకోవడానికే.

పిడుగు ఒక్కో గండం దాటుకుంటూ ఆఖరి ఆటకు వచ్చింది. ఎదురు ఎవరని వాకబు చేస్తే ఒక బస్సు డ్రైవరమ్మ అని తెలిసింది. మిషన్‌తో ఏనాడూ ఆడలేదట. డిపో విశ్రాంతి గదిలో తోటి డ్రైవర్లతోనే ఆడి ఆడి రాటుదేలిందట. అక్క నవ్వింది. కందిరీగ నవ్వలేదు. మనుషులతో ఆడేవాళ్ళకు మోసం చెయ్యడం వస్తుంది.

పోటీ రోజు పొద్దున పిడుగు బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. కందిరీగ గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఏమే, అవతలివాళ్ళు వాళ్ళ కొట్టు వాళ్ళే తగలబెట్టుకున్నారనుకో, ఏం చేస్తావు?"

పిడుగు పకపకా నవ్వింది. "ఎవరు తగలబెట్టుకుంటారు పిన్నీ! పదకొండొందల ఆటలాడాను పెద్దాయనతో. ఒక్కసారి కూడా అలా చెయ్యలేదు. ఒకవేళ చేస్తే ఏముంది, అందరం కలిసి మీద పడ్డమే."

కోట వదిలి కదలొద్దే, అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. వెంటనే, నీకెలా తెలుసు పిన్నీ అంటుంది. ఎప్పటినుంచి తెలుసు అంటుంది. వాళ్ళమ్మ పక్కనే జడ వేసుకుంటూ వింటోంది. కందిరీగ గడియారం వైపు చూసింది.

"ఊరికే అడిగాలే. పద, ఆలస్యమవుతోంది."

హాల్లో రెండో వరసలో కూర్చుంది. ముప్పై నిమిషాల దాకా పిల్లదే పైచేయి. డ్రైవరమ్మ సైన్యం సగమైంది. అక్క చెయ్యి పట్టుకుని నొక్కుతోంది, "గెలిచేస్తుందే, గెలిచేస్తుందే" అని. అంతలో పెద్ద తెర మీద డ్రైవరమ్మ కొట్టులోంచి పొగ లేచింది. తనకు తానే పెట్టుకుంది నిప్పు. పిడుగు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కాపలావాళ్ళందరినీ కోటలోంచి బయటికి పిలిచింది, అచ్చం పెద్దాయనలాగే. కందిరీగకు లేచి అరవాలనిపించింది. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుంది. మరో రెండు నిమిషాల్లో అంతా అయిపోయింది.

బయట మెట్ల మీద డ్రైవరమ్మే పిల్లను వెతుక్కుంటూ వచ్చింది. లావుపాటి మనిషి, మంచి మనిషి.

"చాలా బాగా ఆడావమ్మా. నాకు చెమటలు పట్టించావు. ఆ కొట్టు తగలబెట్టడం మా డిపోలో కొత్తవాళ్ళ మీద మొదటి రోజే చేస్తాం. నీకెవరూ చెప్పలేదా?"

భుజం తట్టి వెళ్ళిపోయింది. అక్క బస్‌స్టాప్ వైపు నడిచింది. సోమవారం నుంచి పిల్ల క్లినిక్‌లో కూర్చోవాలి. ఆ మాట మళ్ళీ చెప్పాల్సిన పని లేదు.

పిడుగు ఏడవలేదు. పిన్ని ముఖంలోకి చూసింది.

"పొద్దున అడిగావు."

"అవునే."

"నీకు తెలుసు."

"తెలుసు. ఏడు నెలలుగా తెలుసు." ఇక దాచి ఏం లాభమని కందిరీగ అంతా చెప్పేసింది. చెయ్యి జారడం, నెలకొక గెలుపు, చిల్లుల పుస్తకం, ఐదు కుర్చీలు. చెబుతుంటే తనకే రోత పుట్టింది.

పిడుగు ఓపిగ్గా విన్నది. "పెద్దాయనకి చెప్పకపోవడం నాకర్థమైంది పిన్నీ. ఉద్యోగం. నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆయన మీద వాడతావుగా తల్లీ. వాడితే వాళ్ళు చూసేస్తారు, చూస్తే..."

"వాడొద్దంటే వాడేదాన్ని కాదుగా."

అక్క దూరం నుంచి పిలిచింది, బస్సు వచ్చిందని. పిల్ల మెట్లు దిగి వెళ్ళిపోయింది. కందిరీగ అక్కడే నిలబడింది. ఎదుటివాళ్ళకు ఒక సంగతి చెప్పి, దీన్ని వాడకు అని అడగొచ్చని, అడిగితే వాళ్ళు ఆగుతారని ఈ ఏడు నెలల్లో ఆవిడకు ఒక్కసారి కూడా తట్టలేదు.